తెలుగులో చెప్పి రాయించడం: డాక్స్ వాయిస్ టైపింగ్‌తో అర్జీ నుంచి వ్యాసం దాకా

గూగుల్ 2017 ఆగస్టులో తన వాయిస్ టైపింగ్‌లో కొత్తగా 30 భాషలు చేర్చింది. వాటిలో ఎనిమిది మన దేశంలో మాట్లాడేవి, తెలుగు అందులో ఒకటి. అప్పటి నుంచి ఫోన్లో మాట్లాడి మెసేజ్ పంపడం ఇంటింటా మామూలైపోయింది. అదే నాలుగు పేజీల అర్జీనో వ్యాసాన్నో రాయించబోతే మాత్రం చాలామంది రెండో పేజీకే విసిగి వదిలేస్తారు. మాటలు తప్పు పడటం వల్ల కాదు. తెలుగులో మాటలు బాగానే పడతాయి. "ఫుల్‌స్టాప్ పెట్టు", "కొత్త పేరా", "ఆ పదం తీసెయ్" అంటే మాత్రం అది ఆజ్ఞగా తీసుకోదు, విన్నది విన్నట్టు రాసేస్తుంది. బ్రౌజర్లో పత్రాలు రాసుకునే గూగుల్ డాక్స్‌లో ఎడిటింగ్ ఆజ్ఞలు ఇంగ్లీషులోనే పనిచేస్తాయి. కామా, ఫుల్‌స్టాప్ నోటితో చెప్పే వీలు కూడా ఇంగ్లీషు, జర్మన్, ఫ్రెంచ్ లాంటి కొద్ది భాషలకే ఉంది.

కాబట్టి తెలుగులో చెప్పడం ఒక విడత, దిద్దడం ఇంకో విడతగా పెట్టుకోవాలి. చెబుతూ చెబుతూ దిద్దబోతే చెప్పేదీ సాగదు, దిద్దేదీ తేలదు.

మైకు ముందు

లాప్‌టాప్‌లో ఉండే మైకు ఇంగ్లీషుకి సరిపోయినా తెలుగుకి తరచూ చాలదు. మన మాటల చివర అచ్చులు, విభక్తులు మెల్లగా పలుకుతాం. పైన ఫ్యాను తిరుగుతుంటే ముందు వినపడకుండా పోయేది ఆ చివరలే. "ఊరికి", "ఊరిలో" రెండూ "ఊరి" అయిపోతాయి. వైరు ఉన్న హెడ్‌సెట్టో, యూఎస్‌బీ మైకో వాడండి. మైకు నోటికి ఎదురుగా కాదు, పెదవుల మూలకి రెండు మూడు వేళ్ల దూరంలో పక్కగా ఉండాలి. ఎదురుగా ఉంటే ప, బ, భ పలికినప్పుడు ఊపిరి తగిలి టపటపమంటుంది. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లతో పాటలు ఎంత బాగా వినపడినా, మైకు ఆన్ అవగానే అవి ఫోన్ కాల్ పద్ధతికి మారి శబ్దం నాణ్యత పడిపోతుంది. వేరే దారి లేకపోతే తప్ప వాటి జోలికి పోవద్దు.

విండోస్‌లో సెట్టింగ్స్, సిస్టమ్, సౌండ్ తెరిచి ఇన్‌పుట్ కింద మీరు వాడే మైకే ఎంపికై ఉందో లేదో చూడండి. మామూలు గొంతుతో మాట్లాడితే అక్కడ శబ్దం స్థాయి చూపే పట్టీ సగం దాటాలి, చివరికంటా కొట్టుకోకూడదు. క్రోమ్‌కి విడిగా తన మైకు ఎంపిక ఉంటుంది. విండోస్‌లో హెడ్‌సెట్ పెట్టినా క్రోమ్ లాప్‌టాప్ మైకునే వింటూ ఉండొచ్చు. క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ, సైట్ సెట్టింగ్స్, మైక్రోఫోన్ అనే వరుసలో వెళ్తే పైన ఉన్న జాబితాలో మార్చుకోవచ్చు. "వినడం లేదు" అనే ఫిర్యాదుల్లో చాలా వాటికి మందు ఇదే.

తెరవడం

కంప్యూటర్లో క్రోమ్, ఎడ్జ్ లేదా సఫారీలో డాక్స్ తెరిచి టూల్స్ మెనూలో వాయిస్ టైపింగ్ నొక్కండి. కీబోర్డు మీద కంట్రోల్, షిఫ్ట్, ఎస్ కలిపి నొక్కినా వస్తుంది. ఎడమ పక్కన మైకు బొమ్మ ఉన్న చిన్న పెట్టె కనిపిస్తుంది. దాని పైన ఉన్న భాష పేరు నొక్కి తెలుగు ఎంచుకుని, మైకు బొమ్మ నొక్కండి. మొదటిసారి బ్రౌజర్ అనుమతి అడుగుతుంది. పొరపాటున వద్దంటే మళ్లీ అడగదు. అడ్రస్ పట్టీకి ఎడమవైపు గుర్తు నొక్కి అక్కడ మైక్రోఫోన్‌కి అనుమతి ఇవ్వాలి.

కాసేపు మౌనంగా ఉన్నా, ఇంకో ట్యాబ్‌లోకి వెళ్లినా మైకు ఆగిపోతుంది. ఏదైనా చూసి చెప్పాలంటే ఆ కాగితాన్నో ఫోన్నో పక్కన పెట్టుకోండి. అదే బ్రౌజర్లో ఇంకో ట్యాబ్ తెరిచి చూస్తూ చెబుదామంటే కుదరదు. మీరు పేరా అంతా చెప్పాక గానీ మైకు ఎప్పుడో ఆగిపోయిందని తెలియదు.

చెప్పే తీరు

పదం పదం విడగొట్టి, చిన్నపిల్లలకి డిక్టేషన్ ఇస్తున్నట్టు చెప్పడం అందరూ చేసే పొరపాటు. సాఫ్ట్‌వేర్ ఒక్కో పదాన్ని విడిగా గుర్తుపట్టదు. ముందు వెనక పదాలు చూసి ఏది కుదురుతుందో ఎంచుకుంటుంది. "వేలు" అని ఒక్కటే చెబితే చేతి వేలో, డబ్బు వేలో, వేళ్లో దానికి తెలియదు. "యాభై వేలు అప్పు ఇచ్చాడు" అని ఒక్క ఊపిరిలో చెబితే తడబడదు. వాక్యం మనసులో పూర్తిగా అనుకోండి, వార్తలు చదివేవాళ్ల వేగంతో చెప్పండి, ఆగండి. మళ్లీ ఇంకో వాక్యం.

చెబుతున్నప్పుడు తెర మీద మాటలు మారుతూ ఉంటాయి. ముందు ఒకటి పడి, వాక్యం సాగేకొద్దీ అదే ఇంకోటిగా మారుతుంది. ఆ మారడం ఆగేదాకా కీబోర్డు ముట్టుకోకండి. మధ్యలో ఏ కీ నొక్కినా అది వాక్యం నడుమ ఎక్కడో పడుతుంది. అసలు తెర చూడకుండా చెప్పడం మేలు. తప్పు పడిన మాట కంట పడితే నోరు ఆగిపోతుంది, వాక్యం తెగిపోతుంది, తెగిన వాక్యంలో ఇంకో రెండు తప్పులు పడతాయి.

యాస గురించి ఒక మాట. "చేసిండు", "పోతున్న" అన్నవి కొన్నిసార్లు ఉన్నవున్నట్టు పడతాయి, కొన్నిసార్లు "చేశాడు", "పోతున్నా" అయిపోతాయి. కథలో సంభాషణలకి ఇది పెద్ద చిక్కు. కథనం అంతా నోటితో చెప్పి, సంభాషణలు మాత్రం చేత్తో టైప్ చేసుకోవడం తక్కువ శ్రమ.

ఇంకో జాగ్రత్త: చెబుతున్నంతసేపూ పక్కన ఫోన్లో రికార్డర్ ఆన్ చేసి ఉంచండి. దిద్దేటప్పుడు "అతను గడప కింద రాయి" అని అర్థంపర్థం లేని ముక్క కనపడితే మీరేం చెప్పారో మీకే గుర్తుండదు. రికార్డింగ్ వింటే అర నిమిషంలో తేలిపోతుంది.

చుక్క, కామా, పేరా

చేతులు ఖాళీగా ఉన్నవాళ్లకి దారి సులువు. మైకు ఆన్‌లో ఉండగానే డాక్స్ కీబోర్డును కూడా తీసుకుంటుంది. వాక్యం చెప్పి, మాటలు తెర మీద కుదురుకున్నాక ఫుల్‌స్టాప్ కీ నొక్కండి. పేరా అయితే ఎంటర్. చివర్లో జంట ఖాళీలు మిగిలితే ఫైండ్ అండ్ రీప్లేస్‌తో (ఒక మాటని వెతికి అన్నిచోట్లా ఒకేసారి మార్చే సదుపాయం) ఒకటిగా మార్చేయొచ్చు.

నడుస్తూ చెప్పేవాళ్లకి, చేతులు సహకరించనివాళ్లకి, ఫోన్లో చెప్పేవాళ్లకి గుర్తుమాటలు కావాలి. అంటే చుక్క పెట్టాల్సిన చోట నోటితో "చుక్క" అని చెప్పి, తర్వాత ఆ మాటలన్నింటినీ ఒకేసారి మార్చేయడం. గుర్తుమాట ఎంచుకోవడంలోనే కిటుకంతా ఉంది. "ఫుల్‌స్టాప్" పనికిరాదు. అది ఒకసారి కలిసి పడుతుంది, ఒకసారి విడిగా పడుతుంది, ఒక్కోసారి ఇంగ్లీషు అక్షరాల్లో పడుతుంది. వెతికితే సగమే దొరుకుతాయి. ఎప్పుడూ ఒకేలా పడే అచ్చ తెలుగు మాట కావాలి, అది మీరు రాస్తున్న విషయంలో వచ్చేది కాకూడదు. రంగోలి ముగ్గుల గురించి రాసేవాళ్లు "చుక్క" వాడితే ముగ్గు చెరిగిపోతుంది, వాళ్లు "బిందువు" అనుకోవచ్చు. కామాకి "కామా", పేరాకి "కొత్త పేరా", ప్రశ్నకి "ప్రశ్నార్థకం" సరిపోతాయి.

ఒక అర్జీ ముక్క తీసుకుందాం. నోటితో చెప్పింది తెర మీద ఇలా పడుతుంది:

"మా గ్రామంలో సర్వే నంబర్ 124 లో నాకు రెండు ఎకరాల 10 గుంటల భూమి ఉంది చుక్క దాని పట్టా మా నాన్నగారి పేరు మీద ఉంది కామా ఆయన చనిపోయి మూడేళ్లయింది చుక్క కొత్త పేరా వారసుల ధ్రువపత్రం జత చేశాను చుక్క"

ఇప్పుడు దిద్దుబాటు. ముందు ఫైల్ మెనూలో వెర్షన్ హిస్టరీకి వెళ్లి ప్రస్తుత ప్రతికి "దిద్దక ముందు" అని పేరు పెట్టండి. ఏం చెడినా అక్కడికి వెనక్కి రావచ్చు. తర్వాత కంట్రోల్, హెచ్ నొక్కితే ఫైండ్ అండ్ రీప్లేస్ పెట్టె వస్తుంది.

వెతికే గడిలో ఖాళీ, చుక్క, మళ్లీ ఖాళీ టైప్ చేయండి. మార్చే గడిలో ఫుల్‌స్టాప్, ఒక ఖాళీ. రెండు వైపులా ఖాళీ పెట్టకపోతే "చుక్కలు", "చుక్కాని" అన్నవాటిలో ముందు భాగం ఎగిరిపోతుంది. కామాకీ అదే పద్ధతి. పేరా మాత్రం ఆఖరున మార్చాలి. ముందే పేరాలు విడగొడితే పేరా చివర ఉన్న "చుక్క" తర్వాత ఖాళీ ఉండదు, అక్కడ లైను తెగిపోతుంది. అప్పుడు మీ వెతుకులాటకి అది దొరకదు. పత్రంలో ఆఖరి "చుక్క" కూడా ఇలాగే మిగిలిపోతుంది, దాన్ని చేత్తో దిద్దాలి.

పేరా దగ్గర డాక్స్‌తో ఒక ఇబ్బంది ఉంది. దాని మార్చే గడిలో కొత్త లైను పెట్టడానికి వీల్లేదు. ఫైల్, డౌన్‌లోడ్ నుంచి వర్డ్ ఫైలుగా దించుకుని వర్డ్‌లో తెరవండి. అక్కడ మార్చే గడిలో షిఫ్ట్‌తో 6 నొక్కితే వచ్చే టోపీ గుర్తు, దాన్ని ఆనుకుని ఇంగ్లీషు చిన్న పి పెడితే "కొత్త పేరా" అన్నచోటల్లా నిజంగానే పేరా విరుగుతుంది. వర్డ్ లేనివాళ్లకి లిబ్రే ఆఫీస్ ఉచితం. అందులో ఇదే పెట్టెలో అదర్ ఆప్షన్స్ కింద రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ టిక్ చేసి, మార్చే గడిలో వెనక్కి వాలిన గీత, దాని పక్కన ఇంగ్లీషు చిన్న ఎన్ పెట్టాలి.

తెలుగులో ప్రత్యేకంగా చెడేవి

ఇంగ్లీషు మాటకి తెలుగు విభక్తి తగిలిన చోట విడగొట్టి రాయడం అన్నింటికంటే ఎక్కువగా కనపడే లోపం. "బ్యాంక్ లో", "ఆఫీస్ కి", "స్టేషన్ నుంచి" అని పడతాయి. "నుంచి" విడిగా ఉండొచ్చు, "లో", "కి", "కు", "తో", "ను" కలవాలి. ఖాళీ, లో, ఖాళీ అని వెతికి గంపగుత్తగా కలిపేద్దామనిపిస్తుంది. చేయకండి. "ఊరు" లాంటి మాటలు అచ్చుతో ముగుస్తాయి గనక ఫరవాలేదు. "బ్యాంక్" పొల్లుతో ముగుస్తుంది. ఖాళీ తీసేయగానే క, ల కలిసి సంయుక్తాక్షరమై "బ్యాంక్లో" అవుతుంది. అందుకే ముందు అలాంటి మాటల్ని ఒక్కొక్కటిగా "బ్యాంకు", "ఆఫీసు" అని అచ్చుతో ముగిసేలా మార్చి, ఆ తర్వాత విభక్తులు కలపండి. అలా మార్చడం ఇష్టంలేని మాటలకి పొల్లు తర్వాత కంటికి కనపడని ఒక అక్షరం చేర్చి విడదీస్తారు. కొన్ని కీబోర్డులు దాన్ని వాటంతటవే చేరుస్తాయి. తెర మీద ఒకేలా కనపడే రెండు మాటల్లో ఒకదానిలోనే ఆ అక్షరం ఉంటే వెతుకులాటకి రెండోది దొరకదు. "ఉంది కదా, ఎందుకు దొరకట్లేదు" అనిపించినప్పుడు తెర మీద ఉన్న మాటనే కాపీ చేసి వెతికే గడిలో అతికించండి.

ల, ళ, న, ణ, శ, ష, స తేడాలు మామూలు మాటల్లో సందర్భాన్ని బట్టి సరిగ్గానే పడతాయి. పేర్లలో పడవు. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, ఇంటి పేర్లు అన్నీ విడిగా ఒకసారి చూసుకోవాలి. పత్రంలో పది చోట్ల వచ్చే పేరు పది రకాలుగా పడొచ్చు. కాబట్టి మొదట చెప్పేటప్పుడే "మొదటి అర్జీదారు" లాంటి మాట వాడి, ఆఖరున దాన్ని అసలు పేరుతో మార్చడం తెలివైన పని.

అంకెలతో అసలు నమ్మకం పెట్టుకోవద్దు. "రెండు లక్షల యాభై వేలు" ఒకచోట అంకెల్లో, ఒకచోట మాటల్లో, ఇంకోచోట సగం సగం పడుతుంది. సర్వే నంబర్లో బై నంబరు, ఖాతా నంబర్లు, తేదీలు చెప్పనే చెప్పకండి. అక్కడ "అంకె ఇక్కడ" అని చెప్పి ముందుకి వెళ్లి, తర్వాత కాగితం చూసి టైప్ చేయండి. గుంటలో సెంట్లో తేడా వస్తే ఆఫీసు చుట్టూ తిరగాల్సింది మీరే.

"వెళ్లాడు", "వెళ్ళాడు" లాంటి రెండు రూపాలు ఒకే పేజీలో పడతాయి. ఏదో ఒకటి ఎంచుకుని ఒకేసారి మార్చేయండి. "వస్తాను అని" అన్న చోట "వస్తానని" కావాలంటే మాత్రం చేత్తోనే, ఎందుకంటే కొన్నిచోట్ల విడిగా ఉండటమే బాగుంటుంది.

ఆజ్ఞలు నోటితోనే ఇవ్వాలంటే

తెలుగు పత్రాన్ని కూడా ఇంగ్లీషు ఆజ్ఞలతో దిద్దవచ్చు, కొంతవరకు. దానికి రెండు షరతులు: గూగుల్ ఖాతా భాష ఇంగ్లీషై ఉండాలి, పత్రం భాష కూడా ఫైల్ మెనూ, లాంగ్వేజ్‌లో ఇంగ్లీషుగా పెట్టాలి. ఆ తర్వాత మైకు పెట్టెలో భాషని ఇంగ్లీషుకి మార్చి చెప్పండి. రోజూ అక్కరకొచ్చేవి ఇవి:

"సెలెక్ట్ పారాగ్రాఫ్", "సెలెక్ట్ లాస్ట్ త్రీ వర్డ్స్", "డిలీట్ లాస్ట్ వర్డ్", "అన్‌డూ", "బోల్డ్", "అప్లై హెడింగ్ టూ", "అలైన్ సెంటర్", "క్రియేట్ నంబర్డ్ లిస్ట్", "గో టు ఎండ్ ఆఫ్ డాక్యుమెంట్", "స్టాప్ లిజనింగ్".

ఒట్టి "డిలీట్" అంటే కర్సర్ ముందున్న పదం పోతుంది. ఆజ్ఞకి ముందూ వెనకా ఒక క్షణం ఆగాలి. ఆగకపోతే దాన్ని వాక్యంలో భాగమనుకుని "బోల్డ్" అని రాసి పెడుతుంది. "సెలెక్ట్" తర్వాత ఒక పదం చెప్పి దాన్నే పట్టుకునే ఆజ్ఞ ఇంగ్లీషు పదాలకే. తెలుగు పదం చెబితే ఇంగ్లీషు చెవితో విని ఏదో రాస్తుంది. అంటే ఆకృతి, కదలిక, తీసివేత వరకే ఇది పనికొస్తుంది. భాష మార్చుకోవడానికి ప్రతిసారీ మౌస్ కావాలి గనక, పత్రమంతా చెప్పేశాక ఒకేసారి ఇంగ్లీషుకి మార్చి శీర్షికలు, జాబితాలు చక్కబెట్టుకోవాలి.

మౌస్ కూడా ముట్టుకోలేనివాళ్లకి విండోస్ 11లో కంప్యూటర్ని నోటితోనే నడిపించే వాయిస్ యాక్సెస్ ఉంది. సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, స్పీచ్‌లో ఆన్ చేస్తే మొదటిసారి భాష ఫైలు దించుకుంటుంది, తర్వాత ఇంటర్నెట్ లేకుండానే పనిచేస్తుంది. దీనికి తెలుగు రాదు, ఇంగ్లీషులో చెప్పాలి. "షో నంబర్స్" అంటే తెర మీద ఉన్న ప్రతి బటన్ మీదా ఒక అంకె వస్తుంది. "క్లిక్ సెవెన్" అంటే ఏడో దాన్ని నొక్కుతుంది. డాక్స్ మైకు భాష మార్చడం, మైకు ఆన్ చేయడం ఇలా నోటితోనే అయిపోతాయి. తెలుగు చెప్పడం మొదలుపెట్టే ముందు "వాయిస్ యాక్సెస్ స్లీప్" అని దాన్ని నిద్రపుచ్చాలి, లేకపోతే మీ తెలుగులో దానికి ఇంగ్లీషు ఆజ్ఞలు వినపడతాయి. లేపడానికి "వాయిస్ యాక్సెస్ వేకప్".

వేరే దారులు

విండోస్ 11లో తెలుగుని ఇన్‌పుట్ భాషగా చేర్చుకుంటే, విండోస్ కీతో స్పేస్ నొక్కి తెలుగుకి మారి, విండోస్ కీతో హెచ్ నొక్కినప్పుడు కర్సర్ ఉన్న ఏ చోటైనా చెప్పి రాయించవచ్చు. నోట్‌ప్యాడ్ అయినా సరే, ఆన్‌లైన్ దరఖాస్తులో గడి అయినా సరే. దీనికి నెట్ కావాలి.

మంచి మైకు లేనివాళ్లు ఫోన్నే మైకుగా వాడుకోవచ్చు. అదే డాక్స్ పత్రాన్ని ఫోన్లో తెరిచి జీబోర్డ్‌లో (గూగుల్ ఫోన్ కీబోర్డు) తెలుగు పెట్టి చెబుతుంటే లాప్‌టాప్ తెర మీద అక్షరాలు పడుతుంటాయి. పక్కనుంచి ఇంకొకరు పైపేరాలు దిద్దుకుంటూ రావచ్చు కూడా. పెద్దవాళ్లు చెబుతుంటే పిల్లలు దిద్దే ఇళ్లలో ఇంతకంటే సుఖమైన పద్ధతి లేదు.

తెర మీద ఉన్నది చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్ వాడేవాళ్లు తప్పనిసరిగా ఇయర్‌ఫోన్లు పెట్టుకోవాలి. స్పీకర్లో అది చదివేది మైకులోకి వెళ్లి పత్రంలో పడుతుంది.

డాక్స్ వాయిస్ టైపింగ్‌లో మీ గొంతు ఇంటర్నెట్‌లో సర్వర్‌కి వెళ్లి అక్షరాలై తిరిగి వస్తుంది. వైద్య నివేదికలు, కోర్టు కాగితాలు చెప్పేముందు ఇది గుర్తుంచుకోండి. బయటికి పోకూడదనుకుంటే రికార్డు చేసి, మాటని అక్షరాలుగా మార్చే, సొంత కంప్యూటర్లోనే నడిచే విస్పర్ లాంటి సాఫ్ట్‌వేర్‌కి ఇవ్వాలి. ఓపెన్‌ఏఐ 2022లో దీన్ని ఉచితంగా విడుదల చేసింది. తెలుగులో దాని కచ్చితత్వం ఇంగ్లీషంత లేదు, పెద్ద మోడల్‌కి దాదాపు 10 జీబీ గ్రాఫిక్స్ మెమరీ కావాలి.

ఇక ప్రింటింగ్. వాయిస్ టైపింగ్ ఇచ్చేది యూనికోడ్ తెలుగు, అంటే ఇప్పటి ఫోన్లు, కంప్యూటర్లు అన్నీ ఒకేలా గుర్తుపట్టే అక్షరాలు. పత్రికాఫీసుల్లో, కార్డులు అచ్చువేసే దుకాణాల్లో ఇప్పటికీ పేజ్‌మేకర్‌తో, యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లు వాడేవాళ్లు ఉన్నారు. అందులో మీ ఫైలు అతికిస్తే ప్రశ్నార్థకాలో పెట్టెలో వస్తాయి. ముందే అడిగి తెలుసుకోండి. వాళ్ల దగ్గర కన్వర్టర్ ఉంటే ఇవ్వండి, మార్చాక వత్తులు, పొల్లులు ఉన్న మాటల్ని ఇంకోసారి చదవండి, మార్పిడిలో ఎక్కువగా దెబ్బతినేవి అవే. కన్వర్టర్ లేకపోతే మండలి, ఎన్‌టీఆర్ లాంటి యూనికోడ్ ఫాంట్‌తో పత్రాన్ని మీరే తీర్చిదిద్దుకుని, ఫైల్, డౌన్‌లోడ్ నుంచి పీడీఎఫ్‌గా దించి ఇవ్వండి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే ఉంటుంది గనక అక్షరాలు ఎక్కడా మారవు.